నా చేత్తో చేసిన ఆల్కహాల్‌ను నేనే గుర్తుపట్టలేకపోయాను

మా నాయన కల్లు గీస్తాడు. నల్లగొండ జిల్లాలో కనగల్ దిక్కు మా ఊరు. తెల్లవారకముందే చెట్టెక్కే మోకు, ముస్తాదు సర్దుకుని తాళ్లలోకి పోయి లొట్లు (కల్లు కుండలు) దించుకుని వస్తాడు. చెట్టు మీద చుక్కచుక్కగా దిగేటప్పుడు అది తియ్యటి నీరే. దించేసరికి పులుపు ఎక్కుతుంది, ఎండ ముదిరేసరికి నురగ లొట్టి అంచు దాటుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే మాత్రం పులవకుండా నీరాగానే ఉంటుంది. ఎందుకట్లా అని చిన్నప్పుడు అడిగితే, "లొట్టి గుణం బిడ్డా, పాత లొట్టిల తొందరగ పులుస్తది" అనేవాడు. ఆయన చెప్పింది నిజమే. పాత లొట్టి గోడలకు అంటుకుని ఉండే ఈస్ట్ ఆ పని చేస్తుందని నాకు డిగ్రీలో గానీ తెలియలేదు.

ఆ డిగ్రీలోనే నేను మొదటిసారి ఒక ఆల్కహాల్ తయారు చేశాను. పెద్ద ఫ్లాస్కులో అర లీటరు నీళ్లు, 100 గ్రాముల బెల్లం, బేకరీ వాళ్లు వాడే పొడి ఈస్ట్ ఒక చెంచా. బిరడాలోంచి గాజు గొట్టం తీసి సున్నపు తేటలో ముంచాం. మర్నాటికే ఆ తేట పాలలా తెల్లబడింది. ఒక గ్లూకోజ్ అణువు విరిగితే రెండు ఇథనాల్ అణువులు, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయని పుస్తకంలో చదివిందే, కానీ బుడగలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే చూడటం వేరు. ఈ పనికి బతికి ఉన్న ఈస్ట్ కణమే అక్కర్లేదు, దాన్ని నూరి తీసిన రసం చాలని ఎడ్వర్డ్ బుక్నర్ 1897లో చూపించాడు. దానికి 1907లో నోబెల్ వచ్చింది.

నాలుగో రోజు వడగట్టి స్వేదనం చేశాం. ఇథనాల్ మరిగేది 78.3 డిగ్రీల దగ్గర. మా థర్మామీటర్ 80 దాటి 90 వైపు పోతుంటే ఆపేశాం. మొదట దిగిన కొద్దిపాటి ద్రవంలో నీళ్లే ఎక్కువ. ఎన్నిసార్లు స్వేదనం చేసినా మామూలు పద్ధతిలో 95.6 శాతం దాటదు, ఆ పాళ్లలో నీరూ ఇథనాలూ కలిసే ఆవిరవుతాయి. మేం దాని దరిదాపుల్లోకి కూడా పోలేదు. అప్పుడు మేడమ్ పొడి పొటాషియం కార్బొనేట్ వేసి కలపమన్నారు. నీటిని ఆ లవణం పట్టుకుంది, ఇథనాల్ పైన వేరే పొరగా తేలింది. ఆ పొర తీసి పింగాణీ గిన్నెలో అంటిస్తే నీలం మంట. ఇంకొన్ని చుక్కలకు అయోడిన్, సోడియం హైడ్రాక్సైడ్ కలిపి వేడి చేస్తే పసుపు పచ్చని అయోడోఫాం, దాంతో పాటే ఆసుపత్రి వాసన.

ఆ రాత్రి ఇంటికొచ్చి నాయనకు చెబితే, "గది మా లొట్లల్ల ఉండేదే గద బిడ్డా" అన్నాడు. తర్వాత కాసేపు ఆగి, "మరి కల్లుల వేరే ఏదన్న కలిపితే మీరు కనుక్కోగలరా?" అని అడిగాడు.

ఆయన ఆ మాట ఊరికే అడగలేదు. మా జిల్లాలో, పాలమూరు దిక్కు కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపి అమ్మిన సంగతి అందరికీ తెలుసు. అది తాగి మంచాన పడ్డవాళ్లు, అది లేక పిచ్చెత్తినట్టు తిరిగినవాళ్లు ఉన్నారు. చెట్టు కల్లు అమ్మేవాడికి అది ప్రాణం తీసినంత అవమానం. సీసాలో ఉన్నది చూపుకూ వాసనకూ తెలియదు. అందులో ఏముందో చెప్పగలగడం ఒక విద్య అని నాకు ఆ రోజు గట్టిగా అనిపించింది. ఎం.ఎస్సీ.లో ఆర్గానిక్ కెమిస్ట్రీ తీసుకోవడానికి అదొక కారణం.

నల్లగొండలో ఎం.ఎస్సీ. చేరాక, అక్టోబర్‌లో మా బ్యాచ్‌కు ఇచ్చిన ప్రిపరేషన్ కానిజారో చర్య. బెంజాల్డిహైడ్ నుంచి బెంజైల్ ఆల్కహాల్ చెయ్యాలి. ఇటలీకి చెందిన స్టానిస్లావో కానిజారో 1853లో కనుక్కున్న చర్య ఇది. బెంజాల్డిహైడ్‌లో ఆల్ఫా హైడ్రోజన్ (ఆల్డిహైడ్ సమూహం పక్క కార్బన్ మీద ఉండే హైడ్రోజన్) లేదు. గాఢ క్షారంలో పెడితే వేరే దారి లేక ఒక అణువు తన హైడ్రోజన్‌ను హైడ్రైడ్‌గా, అంటే రెండు ఎలక్ట్రాన్లతో సహా, ఇంకో అణువుకు ఇచ్చేస్తుంది. ఇచ్చింది బెంజోయిక్ ఆమ్లం అవుతుంది, తీసుకుంది బెంజైల్ ఆల్కహాల్ అవుతుంది. ఒక్క సీసాలోంచి రెండు పదార్థాలు, అందులో ఒకటి ద్రవం, ఒకటి ఘనం. నాకు ఎంతో నచ్చిన చర్య ఇది, ఇప్పటికీ.

మొదటి చిక్కు బెంజాల్డిహైడ్ సీసా దగ్గరే వచ్చింది. మూత చుట్టూ తెల్లటి స్ఫటికాలు పేరుకుని ఉన్నాయి. గాలి తగిలితే బెంజాల్డిహైడ్ తనంతట తానే బెంజోయిక్ ఆమ్లంగా మారిపోతుంది. సోడియం కార్బొనేట్ ద్రావణంతో కడిగి, స్వేదనం చేసి గానీ వాడొద్దని సార్ అన్నారు. దానికే ఒక పూట పోయింది. ఆ పూట దండగ అని అప్పుడు చాలామంది గొణిగారు. నా లెక్కలో ఆ పూట పెట్టనివాళ్లకు దిగుబడి లెక్క తప్పుగా వస్తుంది, ఎందుకంటే బెంజోయిక్ ఆమ్లం ఎంత పాతదో, ఎంత మనం చేసిందో తెలియదు.

10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్‌ను 10 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి చల్లార్చాను. అందులో 10 మిల్లీలీటర్ల బెంజాల్డిహైడ్ పోసి, రబ్బరు బిరడా పెట్టి ఊపడం మొదలుపెట్టాను. గాజు మూత పెట్టొద్దు, క్షారానికి అది అతుక్కుపోతుంది. నా పక్క బెంచీ అమ్మాయి గాజు మూతే పెట్టి, మర్నాడు దాన్ని తియ్యలేక కళ్లనీళ్లు పెట్టుకుంది. పది నిమిషాలు ఊపితే మజ్జిగలా చిక్కబడింది, ఇంకో పది నిమిషాలకు వెన్నలా గట్టిపడింది. భుజాలు పట్టేశాయి. ఒక రాత్రంతా అలాగే వదిలేశాను.

మర్నాడు నీళ్లు పోస్తే పొటాషియం బెంజోయేట్ (క్షారంలో బెంజోయిక్ ఆమ్లం ఉండే లవణ రూపం) కరిగిపోయింది. ఆల్కహాల్‌ను ఈథర్‌తో మూడుసార్లు లాగాలి. ఈథర్ మరిగేది 34.6 డిగ్రీల దగ్గర. మా ఊళ్లలో అక్టోబర్ మధ్యాహ్నం ల్యాబులో దాదాపు అంతే వేడి ఉంటుంది. సెపరేటింగ్ ఫనెల్ ఒక్కసారి తిప్పి నాబ్ తెరిస్తే బుస్సుమని ఆవిరి వచ్చేది. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయోగం పెట్టనే కూడదు. ఈథర్ తీసే ముందు అటెండర్ అన్న ల్యాబంతా తిరిగి ప్రతి బర్నరూ ఆపించాడు. వేరే గదిలో నీళ్లు కాచి తెచ్చి, ఆ వేడి నీళ్లలో ఫ్లాస్కు ఉంచి ఈథర్‌ను పంపించాం.

కండెన్సర్‌కు నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మా ల్యాబులో కుళాయి మధ్యాహ్నం తర్వాత సన్నగా పడుతుంది, ఒక్కోరోజు పడదు. మా బ్యాచ్ వాళ్లం డబ్బులు వేసుకుని కూలర్‌లో పెట్టే చిన్న మోటారు కొన్నాం. బకెట్‌లో నీళ్లు, ఐస్ వేసి, మోటారుతో కండెన్సర్‌లోకి ఎక్కించి తిరిగి అదే బకెట్‌లోకి వదిలాం. ఒక్క బకెట్‌తో నాలుగు కండెన్సర్లు నడిచాయి. నీళ్లకు కరువున్న చోట చదివే పిల్లలకు ఇది పనికొస్తుందని రాస్తున్నా.

ఈథర్ పొరను ముందు సోడియం బైసల్ఫైట్ ద్రావణంతో కడిగాను, మిగిలిన బెంజాల్డిహైడ్ అందులోకి పోవడానికి. తర్వాత సోడియం కార్బొనేట్, తర్వాత నీళ్లు. నిర్జల మెగ్నీషియం సల్ఫేట్ వేసి ఆరబెట్టాను. ఈథర్ పోయాక మిగిలిన దాన్ని ఎయిర్ కండెన్సర్ పెట్టి స్వేదనం చేశాను. అంత వేడి ఆవిరికి నీళ్ల కండెన్సర్ పెడితే గాజు పగులుతుంది, ఒట్టి పొడవాటి గొట్టమే చాలు. 360 డిగ్రీల థర్మామీటర్‌లో పాదరసం 203 నుంచి 206 మధ్య నిలబడ్డప్పుడు దిగిన చుక్కలు పట్టుకున్నాను. 3.4 గ్రాములు. లెక్క ప్రకారం 5.3 రావాలి, అంటే 64 శాతం. రంగు లేని, నూనెలా బరువుగా కదిలే ద్రవం. వాసన చాలా తక్కువ, తియ్యగా.

నీటి పొరను ఐస్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన దాంట్లో పోస్తే బెంజోయిక్ ఆమ్లం ఒక్కసారిగా తెల్లగా విరిగింది. వేడి నీళ్లలో మళ్లీ స్ఫటికీకరణం చేసి 4.9 గ్రాములు ఆరబెట్టాను. మెల్టింగ్ పాయింట్ 121. బెంజైల్ ఆల్కహాల్‌ను సార్‌కు అప్పజెప్పాను. బెంజోయిక్ ఆమ్లం మాత్రం చిటికెడు చిన్న సీసాలో వేసి, తేదీ రాసి నా లాకర్‌లో పెట్టుకున్నాను. సూదుల్లా మెరిసే ఆ స్ఫటికాలు నావి అని ఒక మురిపెం.

నవంబర్‌లో సోడియం బోరోహైడ్రైడ్‌తో బెంజోఫినోన్‌ను బెంజ్‌హైడ్రాల్‌గా మార్చాం. అది తేలికగా అయిపోయింది, చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు.

జనవరిలో అసలు పరీక్ష వచ్చింది. ఇంటర్నల్స్. ప్రతి ఒక్కరికి ఒక సీసా, మీద ఒక అంకె. నాది 14. లోపలున్నది ఆల్కహాల్ అని కూడా చెప్పరు. ఏ తరగతి పదార్థమో, చివరికి ఏ పదార్థమో మనమే తేల్చాలి. మూడున్నర గంటలు. ముందు రోజు రాత్రి టెన్షన్‌తో సరిగ్గా నిద్ర పట్టలేదు. తొలి బస్సు పట్టుకుని క్లాక్ టవర్ దగ్గర దిగి నడిచి పోయాను.

రంగు లేని ద్రవం. మూత తీస్తే సన్నని వాసన, ఆ వెనక ఎక్కడో చేదు బాదం వాసన లీలగా. రికార్డులో "కొద్దిగా మంచి వాసన" అని రాశాను. నీళ్లలో చుక్క వేస్తే కలవకుండా అడుగుకు దిగి కూర్చుంది. "కొద్దిగా కరుగుతుంది" అని రాశాను. నైట్రోజన్, సల్ఫర్, క్లోరిన్ లాంటివి ఉన్నాయేమో చూసే లాసేన్ పరీక్ష సోడియం ముక్కతో చేస్తే నైట్రోజన్, సల్ఫర్ లేవు గానీ సిల్వర్ నైట్రేట్‌తో క్లోరిన్ ఉన్నట్టు సన్నని తెలుపు వచ్చింది. గుండె జారింది. తర్వాత గుర్తొచ్చింది, నేను ట్యూబు కడిగింది బోరు నీళ్లతో. మా నీళ్లలో క్లోరైడ్ ఉంటుంది, దానికే ఆ తెలుపు. డిస్టిల్డ్ వాటర్‌తో మొదటి నుంచి చేస్తే ఏమీ రాలేదు. ఇందులో నలభై నిమిషాలు పోయాయి.

బైకార్బొనేట్‌లో బుడగలు లేవు, ఆమ్లం కాదు. ఫెర్రిక్ క్లోరైడ్‌కు రంగు రాలేదు, ఫినాల్ కాదు. సెరిక్ అమ్మోనియం నైట్రేట్ వేస్తే పసుపు పోయి ఎరుపు వచ్చింది. ఆల్కహాల్! పొడి ట్యూబులో సోడియం చిన్న ముక్క వేస్తే హైడ్రోజన్ బుడగలు. ఇక ప్రైమరీనా, సెకండరీనా, టెర్షియరీనా అన్నది తేలాలి, అంటే హైడ్రాక్సిల్ (OH) ఉన్న కార్బన్‌కు వేరే కార్బన్లు ఒకటి అతికి ఉందా, రెండా, మూడా అని. దానికి లూకాస్ పరీక్ష. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నిర్జల జింక్ క్లోరైడ్ కరిగించిన కారకం అది. టెర్షియరీ ఆల్కహాల్ అయితే వెంటనే మసకబారుతుంది, సెకండరీకి ఐదు నిమిషాలు అటూ ఇటూ పడుతుంది, ప్రైమరీ అయితే మామూలు వేడిలో తేటగానే ఉండిపోతుంది. ఇంటర్ నుంచి ఈ మూడు వాక్యాలు మాకు కంఠస్థం.

నా ట్యూబు వెంటనే పాలలా అయింది.

అంతే, నా బుర్రలో ఆ క్షణానే సమాధానం తయారైపోయింది. టెర్షియరీ. ఆ తర్వాత చేసిన ప్రతి పనీ ఆ మాటను నిలబెట్టడానికే చేశాను. క్రోమిక్ ఆమ్లం వేస్తే నారింజ రంగు రెండు సెకన్లలో ఆకుపచ్చ అయింది. టెర్షియరీ ఆల్కహాల్ అలా మారకూడదు. ముందు ఎవరో ఇథనాల్ వాడిన ట్యూబు అయి ఉంటుంది అనుకుని, ఆ గమనిక రాయనే లేదు. గరిటె మీద ఒక చుక్క అంటించి మంట చూడాలి, చూడలేదు. బాయిలింగ్ పాయింట్ కోసం 360 థర్మామీటర్లు రెండే ఉన్నాయి, రెండూ వేరేవాళ్ల దగ్గర ఉన్నాయి. పట్టికలో వెతికాను. నీళ్లలో పూర్తిగా కలవని టెర్షియరీ ఆల్కహాల్ కాబట్టి టెర్షియరీ అమైల్ ఆల్కహాల్ అనుకున్నాను. దాని బాయిలింగ్ పాయింట్ 102. రికార్డులో 102 అని రాశాను.

కొలవకుండా రాశాను. ఇప్పుడు చెప్పడానికి కూడా మనసు ఒప్పదు. కానీ చాలామంది పిల్లలు ఇదే చేస్తారని తెలుసు కాబట్టి దాచడం లేదు. పుస్తకంలోని అంకెను మన గమనికగా రాస్తే అది మార్కుల మోసం ఒక్కటే కాదు. సీసాలో ఏముందో చెప్పగలిగే ఆఖరి అవకాశాన్ని కూడా మన చేత్తోనే మూసేసుకుంటాం.

వైవాలో సార్ రికార్డు చదివి తల ఎత్తారు.

"చుక్క నీళ్లలో తేలిందా అమ్మా, మునిగిందా?"

"మునిగింది సార్."

"టెర్షియరీ అమైల్ ఆల్కహాల్ సాంద్రత ఎంత?"

"0.8 సార్," అన్నాను. అంటూ ఉండగానే నా గొంతు నాకే సన్నబడింది. నీటి కంటే తేలికైనది అడుగుకు ఎట్లా దిగుతుంది?

"క్రోమిక్ ఆమ్లం పరీక్ష ఏమైంది?"

"ఆకుపచ్చ అయింది సార్. ట్యూబు శుభ్రంగా లేదేమో అనుకున్నా."

"శుభ్రమైన ట్యూబులో మళ్లీ చేశావా?"

నేను మాట్లాడలేదు. ఆయన 102 మీద వేలు పెట్టి, "ఇది ఎప్పుడు కొలిచావు?" అని అడిగారు. కొలవలేదని చెప్పాను. ఆయన కేకలు వెయ్యలేదు. రికార్డు మూసి నా చేతికిచ్చి, "సీసాలో ఇంకా ఉంది. గురువారం మధ్యాహ్నం ల్యాబు ఖాళీ. మార్కులు ఈ రోజువే ఉంటాయి, కానీ అదేంటో నువ్వు తెలుసుకోవాలి గదా," అన్నారు.

గురువారం పోయాను. ఈసారి ఒక పద్ధతి పెట్టుకున్నాను. తెలిసిన ఆల్కహాళ్లను పక్కన పెట్టుకుని, తెలియనిదానితో పాటే పరీక్షించడం. అటెండర్ అన్న అలమారా తాళం తీసి సీసాలిచ్చాడు. టెర్షియరీ బ్యూటైల్ ఆల్కహాల్ సీసాలో గడ్డకట్టి ఉంది. దాని మెల్టింగ్ పాయింట్ 25.5 డిగ్రీలు. మే నెలలో నీళ్లలా ఉండేది, జనవరి చలికి రాయి అయింది. గోరువెచ్చని నీళ్లలో పెట్టి కరిగించాం. అన్నకు రసాయన సూత్రాలు రావు గానీ, "చలికాలం గడ్డకట్టే సీసా ఇదొక్కటే," అని దూరం నుంచే చెప్పగలడు. అది కూడా ఒక ఐడెంటిఫికేషనే.

నాలుగు ట్యూబుల్లో లూకాస్ కారకం. టెర్షియరీ బ్యూటైల్ వెంటనే మసకబారింది. సెకండరీ బ్యూటైల్‌కు ఆరు నిమిషాలు పట్టింది. నార్మల్ బ్యూటైల్ గంట తర్వాత కూడా తేటగా ఉంది. నా 14 మళ్లీ వెంటనే. అంటే లూకాస్ ఫలితం తప్పు కాదు, దాన్ని నేను చదివిన తీరు తప్పు.

శుభ్రమైన కొత్త ట్యూబుల్లో క్రోమిక్ ఆమ్లం. టెర్షియరీ బ్యూటైల్ నారింజగానే ఉంది, 14 మళ్లీ ఆకుపచ్చ అయింది. ఒక పరీక్ష టెర్షియరీ అంటోంది, ఇంకోటి కాదంటోంది. రెండూ నిజమే అయ్యే ఆల్కహాల్ ఏది?

అప్పుడు గరిటె మీద చుక్క అంటించాను. నల్లటి పొగ, మసి. ఇథనాల్‌లా నీలం మంట కాదు. బెంజీన్ వలయం ఉన్నవాటికి వచ్చే మసి అది. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. వలయం పక్కనే ఆల్కహాల్ ఉంటే?

లూకాస్ పరీక్షలో జరిగేది ఇది: ఆల్కహాల్‌లోని హైడ్రాక్సిల్ నీరుగా వెళ్లిపోయి, ఆ కార్బన్ మీద ధనావేశం మిగులుతుంది. తర్వాత క్లోరైడ్ వచ్చి చేరి, నీళ్లలో కరగని క్లోరైడ్ మసకగా కనబడుతుంది. ధనావేశాన్ని ఎంత బాగా భరించగలిగితే అంత వేగం. టెర్షియరీ కార్బన్ చుట్టూ మూడు ఆల్కైల్ సమూహాలు ఉండి దాన్ని ఆదుకుంటాయి. బెంజైల్ కార్బన్‌కు అవి లేవు, కానీ పక్కనే వలయం ఉంది. ధనావేశం వలయమంతా పంచుకోబడుతుంది. అందుకే బెంజైల్ ఆల్కహాల్ ప్రైమరీ అయినా లూకాస్ దగ్గర టెర్షియరీలా ప్రవర్తిస్తుంది. ఎల్లైల్ ఆల్కహాల్ కూడా అంతే. హోవర్డ్ లూకాస్ 1930లో ఈ పరీక్షను సంతృప్త (బెంజీన్ వలయం, ద్విబంధం లాంటివి లేని) ఆల్కహాళ్ల కోసమే ప్రతిపాదించాడు. మేం కంఠస్థం చేసిన మూడు వాక్యాల్లో ఆ ఒక్క మాట లేదు. ఇంటర్ పుస్తకంలో గానీ గైడ్లలో గానీ ఆ మాట పక్కనే అచ్చు వేస్తే ఎంత బాగుండును.

ఇక బాయిలింగ్ పాయింట్. చిన్న ఇగ్నిషన్ ట్యూబులో నాలుగు చుక్కలు వేసి, ఒక కొస మూసిన కేపిలరీని (సన్నని గాజు గొట్టాన్ని) తలకిందులుగా అందులో ఉంచి, 360 థర్మామీటర్‌కు కట్టి లిక్విడ్ పారఫిన్‌లో వేడి చేశాను. 102 దాటింది, కదలిక లేదు. 150 దాటింది. 160 దగ్గర ఊపిరి బిగబట్టాను, ఎందుకంటే సైక్లోహెక్సనాల్ 161 దగ్గర మరుగుతుంది. ఏమీ లేదు. 190కి పారఫిన్ నుంచి సన్నగా పొగ రావడం మొదలైంది. 200 దాటాక కేపిలరీ కొస నుంచి బుడగలు వరసకట్టాయి. మంట తీశాను. బుడగలు ఆగి ద్రవం కేపిలరీలోకి ఎక్కిన చోట 204.

బెంజైల్ ఆల్కహాల్ 205. అక్టోబర్‌లో నా ఎయిర్ కండెన్సర్‌లోంచి దిగింది కూడా అక్కడే.

సార్‌కు చెబితే సంతోషించారు గానీ, "డెరివేటివ్ లేకుండా పేరు రాయొద్దు" అన్నారు. అంటే పదార్థాన్ని ఇంకో ఘనంగా మార్చి, అది కరిగే వేడిని పట్టికతో పోల్చి చూడాలి. 3,5-డైనైట్రోబెంజాయిల్ క్లోరైడ్‌తో వేడి చేసి, సోడియం కార్బొనేట్‌తో కడిగి, ఆల్కహాల్ నుంచి స్ఫటికీకరణం చేశాను. మెల్టింగ్ పాయింట్ 112. పట్టికలో బెంజైల్ 3,5-డైనైట్రోబెంజోయేట్ 113. ఇక్కడ ఇంకో గుంత ఉంది, తర్వాత చేసేవాళ్లు చూసుకోవాలి: సైక్లోహెక్సనాల్ నుంచి చేసిన డెరివేటివ్ కూడా 113 దగ్గరే కరుగుతుంది. బాయిలింగ్ పాయింట్ నిజంగా కొలవకుండా ఈ ఒక్క అంకెను నమ్మి ఉంటే మళ్లీ పడేదాన్నే. అందుకని రెండో డెరివేటివ్ కూడా చెయ్యాలనిపించింది, ఎవరూ అడగకపోయినా.

14లోంచి అర మిల్లీలీటరు తీసుకుని, సోడియం కార్బొనేట్ వేసి, పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం కొద్దికొద్దిగా పోస్తూ మరిగించాను. ఊదా రంగు పోయి గోధుమ రంగు మడ్డి దిగింది. చల్లార్చి ఆమ్లం వేసి, మడ్డి పోయేదాకా సోడియం సల్ఫైట్ కలిపితే ట్యూబులో తెల్లగా విరిగింది. వేడి నీళ్లలో కరిగించి వదిలేస్తే అరగంటకు సూదులు. నాకు ఆ సూదులు తెలుసు.

లాకర్ తెరిచి అక్టోబర్ నాటి చిన్న సీసా తెచ్చాను. మూడు కేపిలరీలు నింపాను. ఒకదాంట్లో 14 నుంచి వచ్చిన ఆమ్లం, ఒకదాంట్లో నా బెంజోయిక్ ఆమ్లం, మూడోదాంట్లో రెండూ సమంగా నూరి కలిపినది. రెండు వేరు వేరు పదార్థాలైతే విడివిడిగా ఒకే చోట కరిగినా, కలిపితే బాగా కిందికి పోయి, మెల్లగా చాలా డిగ్రీల మేర కరుగుతాయి. యూరియా, సిన్నమిక్ ఆమ్లం రెండూ 133 దగ్గర కరిగేవే, కలిపి చూడండి తెలుస్తుంది. మూడు కేపిలరీలను ఒకే థర్మామీటర్‌కు కట్టి, 110 దాటాక మంట తగ్గించి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున ఎక్కించాను. 115. 118. 120. మూడింటి అంచులూ చెమ్మగిల్లాయి. 121 దగ్గర మూడూ ఒకేసారి తేటపడ్డాయి.

సార్‌ను పిలిచి చూపించాను. ఆయన థర్మామీటర్ చూసి, 14 సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశారు.

"కొత్త కెమికల్ కొనడానికి ఖర్చెక్కువ గదా అమ్మా. అక్టోబర్‌లో మీ బ్యాచ్ వాళ్లు అప్పజెప్పినవి కలిపి ఇందులో పోసి పెట్టాను. నీది కూడా ఇందులోనే ఉంది."

మూత తీసి మళ్లీ వాసన చూశాను. ఆ చేదు బాదం వాసన ఇప్పుడు అర్థమైంది. మూడు నెలలు అలమారాలో ఉన్న బెంజైల్ ఆల్కహాల్ గాలి తగిలి కొంచెం కొంచెంగా మళ్లీ బెంజాల్డిహైడ్ అవుతోంది, తను వచ్చిన చోటికే.

రికార్డులో పాత పేజీ చింపలేదు. 102 మీద అడ్డంగా ఒక గీత గీసి, తేదీ వేసి, పక్క పేజీలో మొదటి నుంచి రాశాను. చుక్క అడుగుకు దిగింది, మసితో మండింది, క్రోమిక్ ఆమ్లం ఆకుపచ్చ అయింది, 204. సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోయేసరికి నాయన మోకు ఆరబెడుతున్నాడు. "దొరికిందా బిడ్డా?" అన్నాడు. దొరికిందన్నాను.